నాలుగెకరాల ఆర్గానిక్ సాగుతో ఇల్లు గడవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

చేవెళ్ల వైపు మా నాలుగెకరాల్లో మందులు మానేసి ఇది తొమ్మిదో ఏడాది. రెండెకరాల్లో కూరగాయలు, ఆకుకూరలు, ఒక ఎకరం వరి, మిగతాది పశువుల మేత, మునగ, కొట్టం. ఫోన్ చేసేవాళ్లు అడిగేవి ఎప్పుడూ అవే పాతిక ప్రశ్నలు, నేను చెప్పేవీ అవే జవాబులు, పైగా ఆ ఫోన్లు సరిగ్గా నీళ్లు పారించే టైమ్‌కే వస్తాయి. అందుకని ఒకచోట రాసి పెట్టా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. సాగు కంటే అమ్మకం గురించే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే నాకు తెలిసి మధ్యలో మానేసినవాళ్లలో చాలామందికి పంట బాగానే పండింది. అది కొనేవాళ్లే లేకపోయారు.

## దిగకముందు

ఉద్యోగం మానేసి వద్దామనుకుంటున్నా. ఇప్పుడే రిజైన్ చేయొచ్చా?

వద్దు. ముందు పది గుంటల్లో, అంటే పావెకరంలో, ఒక ఏడాది ఆకుకూరలు వేసి, మీ అపార్ట్‌మెంట్‌లోనో ఆఫీసులోనో పదిహేను ఇళ్లకు ప్రతి వారం తప్పకుండా ఇచ్చి చూడండి. ఎండాకాలం, ముసురు, పెళ్లిళ్ల సీజన్ అన్నీ దాటుకుని ఏడాది మొత్తం ఒక్క వారం కూడా మానకుండా ఇవ్వగలిగితే అప్పుడు ఆలోచించండి. ఆ పదిహేను ఇళ్లలో ఏడాది చివరికి ఎన్ని మిగిలాయన్నదే మీకు అసలు రిపోర్టు కార్డు. జీతం వస్తుండగా నేర్చుకున్న తప్పులు చవగ్గా పడతాయి, మానేశాక అవే తప్పులు పీఎఫ్‌ను తినేస్తాయి.

ఎకరానికి ఎంత మిగులుతుంది? ఒక్క నంబర్ చెప్పండి చాలు.

ఒక్క నంబర్ చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఎకరం లెక్క కాకుండా ఇళ్ల లెక్కలో చూడండి. నలభై ఇళ్లు వారానికి 500 రూపాయల బుట్ట తీసుకుంటే నెలకు 80,000 వస్తుంది. మా దగ్గర అందులోంచి ఇద్దరు మనుషుల జీతం 28,000, బండి, డీజిల్ 9,000, విత్తనం, పెంట, బెల్లం, వేపపిండి 7,000, సంచులు, ట్రేలు 2,500, బోరు, డ్రిప్ రిపేర్లు నెలకు వేసుకుంటే 3,500. అంటే 50,000 పోయి 30,000 మిగిలింది. ఇందులో నాకూ మా ఇంటావిడకూ కూలి కట్టలేదు, భూమికి కౌలూ కట్టలేదు. పైగా మే, జూన్ నెలల్లో బుట్ట సగం ఖాళీ. కాబట్టి పన్నెండు నెలలకు కాదు, పది నెలలకే లెక్క వేసుకోండి. ఇది నలభై ఇళ్లప్పటి లెక్క. ఇదే ఖర్చుతో మరో ఇరవై ఇళ్లు పెరిగితే ఆ పెరిగినదాంట్లో ఎక్కువ భాగం చేతికొస్తుంది, ఎందుకంటే బండి ఎలాగూ వెళ్తుంది, మనుషులు ఎలాగూ ఉంటారు.

మాకు ఎకరన్నరే ఉంది. సరిపోతుందా?

నీళ్లుంటే సరిపోతుంది. మొదట్లో నేను నాలుగెకరాలూ ఒకేసారి మొదలుపెట్టి కలుపులో మునిగిపోయా. కూరగాయలకైతే ఒక జంట ఒంటిచేత్తో చూసుకోగలిగేది ఎకరం, ఎకరంబావు, అంతే. భూమి ఎంతుందని కాకుండా బోరు ఎండాకాలంలో ఎన్ని గంటలు పోస్తుందో చూడండి. కొనేముందు ఏప్రిల్ చివర్లో ఒకసారి వెళ్లి మోటారు వేయించుకుని గంటసేపు నిలబడి చూడండి. అక్టోబరులో ఏ బోరైనా బాగానే పోస్తుంది.

కౌలు భూమిలో చేయొచ్చా?

చేయొచ్చు గానీ కనీసం ఐదేళ్ల కాగితం రాసుకోకుండా వద్దు. మట్టి బాగుపడటానికే రెండు మూడేళ్లు పడుతుంది. బాగుపడ్డాక యజమాని "మా బావమరిది చేసుకుంటాడట" అంటే మీరు తోలిన పెంట అంతా ఆయన బావమరిదికి కట్నం ఇచ్చినట్టే. డ్రిప్, ఫెన్సింగ్ ఎవరివో, కౌలు అయిపోయాక ఎవరు తీసుకెళ్తారో కూడా కాగితంలో రాయించండి.

లోన్, సబ్సిడీ ఏమైనా వస్తాయా?

పంట ఖర్చులకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ, టైమ్‌కు కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. డ్రిప్‌కు ఉద్యానశాఖ సబ్సిడీ ఉంది. గుంపుగా ఆర్గానిక్‌లోకి మారే రైతులకు కేంద్రం పరంపరాగత్ కృషి వికాస్ యోజన కింద మూడేళ్లలో హెక్టారుకు 31,500 రూపాయలు ఇస్తుంది, అందులో 15,000 రైతు ఖాతాలోకే వస్తుంది. నూనె గానుగ, పిండి మర లాంటివి పెట్టాలంటే చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఉంది. అన్నీ మంచివే, కానీ సబ్సిడీ వస్తేనే నడిచే ప్లాన్ వేసుకోవద్దు. ఫైలు కదిలేలోపు రెండు పంటలు అయిపోతాయి.

## మొదటి రెండు మూడేళ్లు

మందులు మానేయగానే దిగుబడి సగానికి పడిపోయింది. మామూలేనా?

మామూలే, ముఖ్యంగా ఇన్నాళ్లూ యూరియా మీదే బతికిన నేలలో. మా దగ్గర మొదటి ఏడాది వంకాయ అయితే చూడటానికి సిగ్గేసేది. ఆ ఏడాది ఊళ్లో మా పొలం ముందు బండి ఆపి మరీ నవ్వారు. మూడో ఏడాదికి కుదుటపడింది.

అందుకే మొత్తం ఒక్కసారి మార్చొద్దు. 2021లో శ్రీలంక దేశం మొత్తానికి రసాయన ఎరువులను నిషేధించి, అదే ఏడాది చివరికి వెనక్కి తీసుకుంది. దేశానికే అలా అయితే మన ఇంటికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాలుగో వంతు భూమితో మొదలుపెట్టి, మిగతాదాంట్లో ముందు జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి పూతకొచ్చే టైమ్‌కు, అంటే 45 రోజులకు అటూ ఇటూగా, కలియదున్నండి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వానలకు ముందే నవధాన్యాలు పొడి దుక్కిలో చల్లిస్తున్నారు. నేల ఏ నెలలోనూ బోడిగా ఉండకూడదన్నది దాని సారం. మేమూ మొదలుపెట్టాం. మా ఎర్రనేలలో ఎరువు కంటే అదే ఎక్కువ పనిచేసింది.

ఆవు లేకుండా కుదరదా?

కుదురుతుంది. ఆవును పెంచడమంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే, ఊరెళ్లడానికి ఉండదు. పక్కింటివాళ్ల పేడ, మూత్రం కొనుక్కోండి, తొలకరికి ముందు గొర్రెల మంద పెట్టించండి, వర్మీ కంపోస్టు వేసుకోండి. మాకు రెండు నాటు ఆవులున్నాయి గానీ అవి పాల లెక్కలో ఎప్పుడూ నష్టమే, పేడ లెక్కలో మాత్రం లాభం.

జీవామృతం కొలతలు ఒక్కసారి చెప్పండి, ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, మందులు తగలని గట్టు మీది మట్టి ఒక గుప్పెడు. నీడలో పెట్టి గోనెసంచి కప్పి, పొద్దున సాయంత్రం కర్రతో తిప్పండి. 48 గంటలకు తయారవుతుంది, వారంలోపు వాడేయండి. ఇది ఎకరానికి సరిపోతుంది. డ్రిప్‌లో ఇవ్వాలంటే రెండుసార్లు వడగట్టండి. ఒకసారి వడగట్టి వదిలా, మర్నాడు అరెకరం లాటరళ్లు, అంటే సాళ్ల వెంట పరిచే సన్న డ్రిప్ పైపులు, సూదితో పొడుచుకుంటూ కూర్చున్నాం. బెల్లం తెల్లగా మెరిసేది కాకుండా నల్లది కొనండి, అది చవక కూడా.

పక్క పొలంలో మందు కొడతారు. అది గాలికి మా మీద పడితే మాది ఆర్గానిక్ ఎలా అవుతుంది?

సరైన ప్రశ్న, చాలామంది దీన్ని దాటవేస్తారు. గట్టు వెంబడి జొన్నో సజ్జో మూడు నాలుగు వరసలు దట్టంగా వేయండి, శాశ్వతంగా అయితే మునగ, సుబాబుల్, గ్లిరిసిడియా. ఆ పక్క మొదటి కొన్ని సాళ్ల పంటను వేరుగా కోసి ఆర్గానిక్ అని అమ్మకండి, పశువులకు వాడుకోండి. సర్టిఫికెట్ కోసం చూడటానికి వచ్చేవాళ్లు ముందు అడిగేదీ ఇదే. వీటన్నిటికన్నా పక్క రైతుతో మాట పెట్టుకోవడం ముఖ్యం. మా పక్కాయన ఇప్పుడు మందు కొట్టే ముందు రోజు రాత్రి ఫోన్ చేస్తాడు, "రేపు పొద్దున కొడుతున్నా తమ్మీ, కొత్తిమీర కోసేస్కో" అని. దానికి బదులు దసరాకు ఆయన ఇంటికి ఒక బస్తా బియ్యం వెళ్తాయి.

పురుగొస్తే నిజంగా ఏం చేస్తారు? కషాయాలు పనిచేస్తాయా?

ముందుగా కొడితే పనిచేస్తాయి, పురుగు నిండాక కొడితే చేయవు. వేపగింజల కషాయం 5 శాతం, అంటే 5 కిలోల గింజల పొడి రాత్రంతా నానబెట్టి వడగట్టి 100 లీటర్లకు కలిపి, కొంచెం కుంకుడు రసం వేసి సాయంత్రం పూట పిచికారీ. పేనుబంకకు, తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు. టమాటా చుట్టూ బంతి, మిర్చి చుట్టూ ఆముదం. అయినా బెండలో, వంకాయలో పుచ్చులు వస్తాయి. వంద కిలోలు కోస్తే ఇరవై ఏరిపారేయాల్సిన వారాలుంటాయి. ఆ ఇరవైని ధరలో ముందే వేసుకోవాలి. ఏమీ పోదనే లెక్కతో ధర పెట్టి, తర్వాత ఒక రాత్రి ఎవరూ చూడకుండా మందు కొట్టినవాళ్లు నాకు తెలుసు.

కూలీలు దొరకడం లేదు. ఏం చేయాలి?

రోజుకూలీ మీద ఆధారపడితే కూరగాయల పొలం నడవదు. వరినాట్లు, పత్తి ఏరడం మొదలయ్యాయంటే మన పొలానికి ఎవరూ రారు. ఒక జంటకు నెల జీతం ఇచ్చి, ఉండటానికి గది కట్టి, కూరగాయలు ఫ్రీగా ఇచ్చి పెట్టుకోవడమే దారి. మిగతాది పని తగ్గించుకోవడం. కలుపు తీత మీద అయ్యే ఖర్చు మల్చింగ్‌తో సగం పోతుంది. వరిగడ్డి, ఎండుటాకు, ఏది దొరికితే అది పరచండి. సైకిల్ వీడర్ కొనండి, పవర్ వీడర్ తర్వాత చూద్దాం. ఇంకో మాట, జీతం ఒకటో తారీఖు దాటనివ్వకండి.

కోతులు, పందులు?

పందులకు సోలార్ ఫెన్సింగ్ పనిచేస్తుంది. కోతులకు నా దగ్గర జవాబు లేదు. కుక్కలు, టపాసులు, పులి బొమ్మ, పాత చీరలు అన్నీ చూశాం, పులి బొమ్మ మీద కూర్చుని మొక్కజొన్న తిన్నాయి. కోతులు ఎక్కువున్న ఊరైతే మొక్కజొన్న, పల్లి, జామ వదిలేయండి. పసుపు, అల్లం, చామగడ్డ, మిర్చి, గోంగూర, చుక్కకూర జోలికి మా దగ్గర అంతగా రావు.

## ఏం వేయాలి

ఏ పంట వేస్తే లాభం?

ఇళ్లకు అమ్మేవాళ్లకు ఒక పంట కుదరదు, బుట్ట కావాలి. వారానికి పది పదకొండు రకాలు ఉండాలి: నాలుగు ఆకుకూరలు, నాలుగు కూరగాయలు, కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి. ఈ చివరి మూడూ బుట్టలో లేకపోతే జనం ఎలాగూ బయటికి వెళ్తారు, వెళ్తే మిగతావీ అక్కడే కొంటారు.

అసలు డబ్బు ఆకుకూరల్లో ఉంది. తోటకూర 25, 30 రోజులకు చేతికొస్తుంది, పాలకూర 35 రోజులకు మొదలై నాలుగైదు కోతలిస్తుంది, గోంగూర గిల్లేకొద్దీ చిగురేస్తుంది, బచ్చలి పందిరెక్కితే నెలల తరబడి వస్తూనే ఉంటుంది. గుట్టు ఏమిటంటే ఒకేసారి వేయకపోవడం. మేం ప్రతి గురువారం రెండు గుంటల్లో మడులు కట్టి విత్తనం చల్లుతాం, వానొచ్చినా చుట్టాలొచ్చినా గురువారం గురువారమే. ఇలా చేస్తే ఏ వారం కోత ఆ వారం ఉంటుంది. ఒకేరోజు అరెకరం పాలకూర చల్లి, అది ఒక్కసారిగా తయారయ్యాక ఫోన్లో "అన్నా, ఎవరైనా కొంటారా" అని అడిగేవాళ్లు నెలకిద్దరు తగులుతారు.

పండగలనూ చూసుకోండి. బతుకమ్మకు, దీపావళికి కోతకొచ్చేలా బంతి, చామంతి వేస్తే ఇళ్లవాళ్లు బుట్టతో పాటే తీసుకుంటారు. కార్తీకంలో కూరగాయల వాడకం పెరుగుతుంది. సంక్రాంతికి సగం సిటీ ఊళ్లకెళ్లిపోతుంది, ఆ వారం తక్కువ కోయండి.

టమాటా ఎందుకు వద్దంటారు?

వద్దని కాదు, బుట్టకు సరిపడా వేయండి. చేవెళ్ల, శంకర్‌పల్లి, మదనపల్లి ఎక్కడైనా టమాటా రేటు ఒక నెల ఆకాశంలో, ఇంకో నెల రోడ్డు మీద. కిలో రెండు రూపాయలున్న వారం మీరు నలభై అంటే ఎంత నమ్మకమున్న కస్టమరైనా మొహం చిట్లిస్తారు.

దేశవాళీ వరి వేస్తే మంచి రేటు వస్తుందంటున్నారు, నిజమేనా?

రేటు నిజమే, దిగుబడి సంగతి ఎవరూ చెప్పరు. నవర, కుళాకార్, మైసూర్ మల్లిగ, బహురూపి లాంటివి చాలామంది వేస్తున్నారు. మా ఎకరంలో నవర పది, పన్నెండు బస్తాలు దాటలేదు. పైరు పొడుగు పెరిగి, కోతకు ముందు వాన పడితే పడుకుంటుంది. మిల్లువాళ్లు ఐదారు బస్తాల కోసం మిషన్ శుభ్రం చేయరు, ముందు పట్టిన సన్నబియ్యం మీ ఎర్రబియ్యంలో కలిసిపోతాయి. చిన్న మిల్లు ఎవరిదైనా మాట్లాడుకున్నాకే నారు పోయండి. పైగా నవర ఒక ఇంట్లో నెలకు రెండు కిలోలు, అంతకు మించి తినరు. మేం ఇప్పుడు ముప్పావు ఎకరం మామూలు సన్నరకమే మందుల్లేకుండా వేసి, పది గుంటల్లో నవర వేస్తున్నాం. బియ్యం పురుగు పట్టకముందే అయిపోతున్నాయి, అంతకన్నా ఏం కావాలి.

## సర్టిఫికెట్, లైసెన్స్, పన్ను

సర్టిఫికెట్ లేకుండా ఆర్గానిక్ అని అమ్మొచ్చా?

ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2017లో తెచ్చిన ఆర్గానిక్ నిబంధనల ప్రకారం ఆర్గానిక్ అని అమ్మాలంటే పీజీఎస్ గానీ ఎన్‌పీఓపీ గానీ, ఏదో ఒక సర్టిఫికెట్ ఉండాలి (ఈ రెండూ ఏంటో కింద చెప్పా). ఏడాది టర్నోవర్ 12 లక్షలు మించని చిన్న రైతు, తన పంటను తానే నేరుగా తినేవాళ్లకు అమ్ముకుంటే మాత్రం మినహాయింపు ఉంది. అప్పుడు కూడా సర్టిఫికెట్ ఉన్న ఆర్గానిక్ సరుకు మీద వేసే జైవిక్ భారత్ లోగో వేయకూడదు. షాపుకు, యాప్‌కు ఇచ్చారా, మినహాయింపు వర్తించదు. ఇంటింటికీ ఇచ్చేవాళ్లు మొదటి ఏడాది కాగితాల టెన్షన్ పెట్టుకోవద్దు.

పీజీఎస్ అంటే ఏంటి? ఖర్చెంత?

రైతులే ఒకరి పొలం ఒకరు చూసి సాక్ష్యం చెప్పుకునే పద్ధతి. దగ్గర దగ్గరగా ఉన్న ఐదుగురు రైతులైనా గుంపుగా ఏర్పడాలి. మారే దశలో ఉన్నవాళ్లకు పీజీఎస్ గ్రీన్, పూర్తయినవాళ్లకు పీజీఎస్ ఆర్గానిక్ అని ఇస్తారు. డబ్బు ఖర్చు పెద్దగా లేదు, ఖర్చంతా ఓపిక. ఐదుగురిలో ఒకడు కలుపుమందు కొట్టాడని తెలిస్తే మిగతా నలుగురూ ఇరుక్కుంటారు. మా మొదటి గుంపు అలాగే చెదిరింది. బంధుత్వం చూసి కాదు, పొలం చూసి గుంపులోకి తీసుకోండి.

ఎగుమతి చేయాలంటే?

దానికి ఎన్‌పీఓపీ కావాలి. 2001లో మొదలైంది, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా దీన్ని చూస్తుంది. బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది. ఏటా వేసే పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు మార్పిడి కాలం ఉంటుంది. తెలంగాణలో, ఆంధ్రలో విత్తన, సేంద్రియ ధ్రువీకరణ సంస్థలు కూడా ఈ పని చేస్తాయి. నాలుగెకరాల కూరగాయల రైతుకు ఇది అక్కర్లేదు. పసుపు, మిర్చి, మామిడి గుంపుగా చేస్తే ఆలోచించొచ్చు.

పచ్చళ్లు, గానుగ నూనె, పొడులు చేసి అమ్మొచ్చా? ట్యాక్స్ పడుతుందా?

పచ్చి కూరగాయలు అమ్మే రైతుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ అవసరం లేదు, దాన్ని పచ్చడిగానో నూనెగానో మార్చారంటే కావాలి. చిన్నవాళ్లకు బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. పొలం పంట మీద వచ్చే ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, కానీ పాల మీద, పచ్చళ్ల మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం కాదు. వాటి లెక్క వేరే పుస్తకంలో రాయండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ ఉంది. రైతు తన పంటే అమ్మితే లెక్క వేరు, పక్కవాళ్లది కొని ప్యాక్ చేస్తే వేరు. లేబుళ్లు ప్రింటు వేయించే ముందు ఒకసారి సీఏను అడగండి.

## అమ్మకం

మొదటి కస్టమర్లు ఎక్కడ దొరుకుతారు?

ఒకే అపార్ట్‌మెంట్లో. నగరమంతా చెదిరిన యాభై ఇళ్ల కంటే ఒకే గేటు లోపల ఇరవై ఇళ్లు మేలు, డీజిల్ లెక్క అక్కడే తేలిపోతుంది. మేం మొదటి నెల ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆదివారం పొద్దున బల్ల వేసుకుని కూర్చున్నాం. ఐదుగురు కొన్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ గోంగూర పచ్చడి చేసి పైన నాలుగిళ్లకు పంచారు. మర్నాటి నుంచి ఫోన్లు. మా మార్కెటింగ్ ఖర్చు మొత్తం రెండు కట్టల గోంగూర.

వాట్సాప్ గ్రూపు చాలు, యాప్ చేయించొద్దు. బుధవారం రాత్రి లిస్టు పెట్టండి, గురువారం రాత్రికి ఆర్డర్లు ఆపేయండి. ఆర్డర్ వచ్చినంతే కోయండి.

ధర ఎలా పెట్టాలి? బయటి రేటు చూసి పెట్టాలా?

బయటి రేటు వెంట పరుగెత్తొద్దు. రైతు బజార్‌లో బోర్డు మీద రేటు రోజూ మారుతుంది, మీ ఖర్చు మారదు. మేం ఆరు నెలలకొకసారి ధర రాసి గ్రూపులో పెడతాం, ఆ ఆరు నెలలూ అదే. బయట బీరకాయ 100 అయిన వారం మాది 60కే వెళ్తుంది, బయట 20 అయిన వారం కూడా 60కే. మొదట్లో 20 ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురు మానేశారు, 100 అయినప్పుడు వాళ్లే తిరిగొచ్చారు. ఖర్చులో మీ కూలి, పోయే సరుకు, సంచీ, బండి అన్నీ వేసి దానిపైన పెట్టండి. ఏడాది సగటు మార్కెట్ రేటుకు ఒకటిన్నర రెట్లు దాటితే మాత్రం మామూలు మధ్యతరగతి ఇల్లు ఆగదు, నెల చూసి మానేస్తుంది.

నెల డబ్బు ముందే తీసుకోండి. అడగటానికి మొహమాటమేస్తుంది, నాకూ వేసింది. నెల ముందే కట్టినవాళ్లు వారం మానరు, మానినా చెప్పి మానతారు.

ఆర్గానిక్ స్టోర్లకు ఇస్తే తలనొప్పి తగ్గదా?

డెలివరీ తలనొప్పి తగ్గి వసూళ్ల తలనొప్పి మొదలవుతుంది. నగరంలో ఒక స్టోర్‌కు మేం ఏడు నెలలు ఇచ్చాం. అమ్ముడుపోయిందానికే డబ్బు, వాడిపోయింది మన ఖాతాలోనే, బిల్లు రావడానికి డెబ్బై రోజులు. చివరి బిల్లు ఇప్పటికీ రాలేదు. ఇవ్వాలంటే పాడుకాని సరుకు ఇవ్వండి, అంటే బియ్యం, పప్పు, పసుపు, అదీ పదిహేను రోజుల గడువు మీద. ఒక్క కొనుగోలుదారుకు మొత్తం సరుకులో మూడో వంతుకు మించి ఇవ్వకండి.

శుక్రవారం కోసింది శనివారానికి వాడిపోతోంది. మీరెలా చేస్తారు?

పొద్దున మంచు ఆరకముందు కోయకండి, తడి మీద కోసిన ఆకు కుళ్లుతుంది. మేం సాయంత్రం నాలుగున్నరకు దిగుతాం. పాలకూర, తోటకూర కోసిన వెంటనే వేళ్ల మట్టి కడిగి, నీళ్లు జాడించి, కట్టలు నిలబెట్టి ట్రేల్లో పెడతాం, అడుగున తడి గోనెసంచి, పైన తడి గుడ్డ. కట్ట ఎప్పుడూ పడుకోబెట్టొద్దు, మధ్యలో వేడెక్కి పసుపు రంగుకొస్తుంది. కొత్తిమీర మాత్రం కడగం, మట్టితోనే పంపుతాం, మూడు రోజులు ఆగుతుంది. బెండ, బీర నీడలో ఆరబెట్టి చివరికి సర్దుతాం. రాత్రి పదకొండింటికి పాకలో ముగ్గురం కూర్చుని చీటీ చూసుకుంటూ సంచులు కడతాం: "302, పాలకూర రెండు, గోంగూర వద్దు, మిర్చి పావు." తెల్లవారుజామున నాలుగున్నరకు బండి కదిలితే ఏడింటికల్లా గేటు దగ్గర ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ లేదు, ఇంతవరకు అవసరం రాలేదు.

కాయలో పురుగుందని కస్టమర్ ఫొటో పెట్టి గ్రూపులో తిట్టారు. ఏం చేయాలి?

గ్రూపులో వాదించొద్దు. "పురుగుంటేనే ఆర్గానిక్" అన్న డైలాగ్ అస్సలు కొట్టొద్దు, అది అబద్ధం కూడా. వాళ్లకు ఫోన్ చేసి, వచ్చే వారం దానికి రెట్టింపు పంపండి. మా దగ్గర అలా తిట్టినావిడ ఇప్పుడు ఆరేళ్ల నుంచి కొంటున్నారు, ఇప్పటికీ తిడతారు. నమ్మకం కుదరనివాళ్లను పొలానికి పిలవండి. పెద్ద గ్రూపు పట్టుబడితే ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులో పురుగుమందుల అవశేషాల టెస్టు చేయించి కాగితం పెట్టండి. శాంపిల్ వాళ్ల ఎదుటే కోసి, వాళ్లతోనే సీలు వేయించండి.

పక్క రైతుల సరుకు కలిపి అమ్మొచ్చా?

చెప్పి అమ్మితే అమ్మొచ్చు, చెప్పకుండా అమ్మితే మోసం. ఒక ఊళ్లో అందరూ కలిస్తే ఎంత పని జరుగుతుందో జనగామ దగ్గర ఏనబావి 2006లోనే చూపించింది, ఊరంతా రసాయనాలు వదిలేసింది. మనకు అంత కుదరకపోయినా ఉల్లి, పప్పు, పసుపు లాంటివి నలుగురు పంచుకుని పండిస్తే బుట్ట నిండుతుంది. మా లిస్టులో ప్రతి సరుకు పక్కన ఎవరి పొలమో రాస్తాం.

మిగిలిపోయింది ఏం చేస్తారు?

ఆర్డర్ మీదే కోస్తే ఎక్కువ మిగలదు. మిగిలిన టమాటా, మిర్చి ఒరుగులు, ఆకులు ఆవులకు. రైతు బజార్‌లో మామూలు రేటుకు అమ్మడానికి సిగ్గుపడకండి, పెంటకుప్ప కంటే అదే నయం.

## నిలదొక్కుకున్నాక

లెక్కలు ఎలా రాయాలి? మాకు ఎక్సెల్ రాదు.

నాకూ రాదు. నోటుబుక్కులో మూడు పేజీలు: ఏ మడిలో ఎప్పుడు ఏం వేశాం, ఎంత కోశాం, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు. ఈ మూడోదే ఎవరూ రాయరు. రెండేళ్ల కిందట గంటలు కూడితే చిక్కుడు మీద అయిన కూలి చిక్కుడు అమ్మకం కంటే ఎక్కువని తేలింది. మా అమ్మకు చిక్కుడంటే ఇష్టం కాబట్టి ఒక పందిరి ఉంచాం, మిగతాది తీసేశాం.

ఇంకో ఐదెకరాలు కౌలుకు తీసుకుందామా?

ముందు ఉన్న భూమిలో ఏ మడి ఖాళీగా ఉందో చూడండి. ఇళ్లు పెరిగి, వెయిటింగ్ లిస్టు మూడు నెలలుగా ఉంటేనే భూమి పెంచండి. భూమి పెంచి ఇళ్లు వెతకడం ఎద్దు ముందు బండి కట్టడమే.

ఫార్మ్ విజిట్లు, స్టే పెట్టి డబ్బు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కానీ అది వేరే వ్యాపారం. బాత్రూములు, వంట, పిల్లలు బావి దగ్గరికి వెళ్లకుండా చూడటం అన్నీ ఉంటాయి. మేం ఒక సీజన్ చేసి మానేశాం. వచ్చినవాళ్లు ఎక్కువగా సెల్ఫీలకు వచ్చారు, అటు కలుపు పెరిగిపోయింది.

మీ పొలం చూడటానికి రావొచ్చా?

రండి. ఆదివారం, పొద్దున తొమ్మిది తర్వాత. శుక్రవారం మాత్రం వద్దు. వచ్చే ముందు ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టండి. టోపీ తెచ్చుకోండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, మడుల మధ్య నడవాలి. గురువారం వస్తే మాత్రం విత్తనాలు చల్లడానికి కూర్చోబెడతా, ముందే చెప్తున్నా.